మొబైల్ తరహా ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లు

సెల్‌ఫోన్ల కోసం రూపుదిద్దుకున్న పద్ధతిలో, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పని చేసేలా తయారైన ప్రాసెసర్లతో నడిచే ల్యాప్‌టాప్‌లు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో అత్యధికం ఆర్మ్ ఆదేశాల సమితి మీద, అంటే ఆ ప్రాసెసర్‌కు అర్థమయ్యే మూల ఆదేశాల జాబితా మీద, ఆధారపడినవి. 2020 నవంబరులో వచ్చిన ఆపిల్ ఎం1 యంత్రాలతో ఈ తరం అందరి దృష్టికీ వచ్చింది. 2024 జూన్‌లో క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో విండోస్ రంగంలోనూ గట్టిగా కాలు మోపింది. ఇంటెల్, ఏఎండీ కంపెనీల ఎక్స్86 ప్రాసెసర్లు దశాబ్దాలుగా ఏలుతున్న చోట ఇది పెద్ద మార్పే. దీన్ని ఆర్మ్ గెలిచి ఎక్స్86 ఓడిన కథగా చెప్పడం పరిపాటి. ఆధారాలను వరసగా పెట్టి చూస్తే ఆ కథ నిలవదు. పొదుపు ప్రధానంగా వచ్చింది యంత్రం మొత్తాన్ని కొద్దిపాటి వాట్ల హద్దులో ఇమడ్చాలన్న ఫోన్ తయారీదారుల క్రమశిక్షణ నుంచి. ఆదేశాల సమితి పాత్ర అందులో చిన్నది. ఆ పొదుపు కొనుగోలుదారుకు అందిందా లేదా అన్నది మాత్రం, పాత ప్రోగ్రాముల భారాన్ని తయారీదారు తన మీద వేసుకున్నాడా లేదా అన్నదాన్ని బట్టి తేలింది.

వాట్ల లెక్క

చిప్‌లోని ట్రాన్సిస్టర్లు ఒక స్థితి నుంచి మరో స్థితికి మారిన ప్రతిసారీ కొంత విద్యుత్తు ఖర్చవుతుంది. ఈ ఖర్చు గడియార వేగంతో నేరుగా పెరుగుతుంది. వోల్టేజీతో అయితే దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా పెంచక తప్పదు కాబట్టి, గరిష్ఠ వేగం దగ్గరకు వెళ్లేకొద్దీ అదనంగా దక్కే ప్రతి చిన్న వేగానికీ చెల్లించే విద్యుత్తు మితిమీరుతుంది. ట్రాన్సిస్టర్ పరిమాణం తగ్గేకొద్దీ వోల్టేజీ కూడా తగ్గుతుందని, అందువల్ల అదే వైశాల్యంలో ఎక్కువ ట్రాన్సిస్టర్లు ఇమిడినా వేడి పెరగదని 1974లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ బృందం వివరించింది. ముప్పై ఏళ్లపాటు పరిశ్రమ ఈ సూత్రం మీదే నడిచింది. 2005 ప్రాంతానికి అది పనిచేయడం మానేసింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై, ఆపి ఉంచినప్పుడు కూడా విద్యుత్తు కారిపోవడం ఎక్కువైంది. వోల్టేజీని ఇంకా దించే వీల్లేకపోయింది. అప్పటి నుంచి ప్రాసెసర్ ఎంత వేగంగా నడవగలదన్నది అది ఎంత వేడిని వదిలించుకోగలదన్న దాని మీద ఆధారపడుతోంది.

ఈ వేడి హద్దును ముందుగా ఢీకొన్నవాటిలో ఒకటి ఇంటెల్ పెంటియం 4. గడియార వేగాన్నే నమ్ముకున్న ఆ వరస 2004 నాటికి వేడి సమస్యలో కూరుకుపోయింది. దాని వారసుడిగా అనుకున్న టెజాస్ ప్రాజెక్టును ఇంటెల్ ఆ ఏడాది మే నెలలో రద్దు చేసుకుంది. అదే కంపెనీకి ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఉన్న బృందం ల్యాప్‌టాప్‌ల కోసం తయారు చేసిన పెంటియం ఎం 2003లోనే మార్కెట్లోకి వచ్చింది. తక్కువ గడియార వేగంతోనే ఎక్కువ పని చేయడం దాని పద్ధతి. 2006లో వచ్చిన కోర్ 2 ప్రాసెసర్లు డెస్క్‌టాప్‌లతో సహా అన్నిటికీ ఈ పద్ధతినే విస్తరించాయి. అంటే, విద్యుత్తు కరువులో పెరిగిన డిజైన్ విద్యుత్తు పుష్కలంగా ఉన్న డిజైన్‌ను తోసిరాజనడం 2020లో కొత్తగా జరిగిన వింత కాదు. అంతకు ఒకటిన్నర దశాబ్దం ముందే, ఎక్స్86 ఇంట్లోనే అది జరిగింది. రెండోసారి ఆ ఒత్తిడి ల్యాప్‌టాప్ కన్నా ఇంకా ఇరుకైన చోటు నుంచి, జేబులో పెట్టుకునే ఫోన్ నుంచి వచ్చింది.

ఆర్మ్: కేంబ్రిడ్జి నుంచి ఫోన్‌లోకి

ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో ఎకార్న్ కంప్యూటర్స్ అనే చిన్న కంపెనీ తన తర్వాతి యంత్రానికి తగిన ప్రాసెసర్ దొరక్క, సొంతంగా ఒకటి తయారు చేసుకోవాలని నిర్ణయించుకుంది. ఆదేశాల సమితిని సోఫీ విల్సన్, చిప్ నిర్మాణాన్ని స్టీవ్ ఫర్బర్ రూపొందించారు. తొలి ఆర్మ్ చిప్ 1985 ఏప్రిల్ 26న చేతికొచ్చి, పెట్టిన మొదటిసారే పనిచేసింది. అందులో ఉన్నవి సుమారు 25,000 ట్రాన్సిస్టర్లు; అదే ఏడాది వచ్చిన ఇంటెల్ 80386లో 2,75,000. పొదుపు కూడా మొదట్లో పెద్ద ఆశయమేమీ కాదు. ఖరీదైన సిరామిక్ తొడుగు బదులు చౌక ప్లాస్టిక్ తొడుగు వాడాలంటే చిప్ ఒక వాట్ లోపు వేడినే వదలాలి. ఆ హద్దు దాటకుండా జాగ్రత్తపడే క్రమంలో వాళ్లు అనుకున్నదాని కన్నా చాలా తక్కువ విద్యుత్తుతో నడిచే చిప్ తయారైంది. డబ్బు లేకపోవడం, మనుషులు తక్కువ కావడం, డిజైన్‌ను సరళంగా ఉంచక తప్పకపోవడం అన్నీ కలిసి ఈ ఫలితాన్నిచ్చాయి.

1990 నవంబరులో ఎకార్న్, ఆపిల్, వీఎల్‌ఎస్‌ఐ టెక్నాలజీ కలిసి ఆర్మ్‌ను విడి కంపెనీగా నెలకొల్పాయి. ఆపిల్‌కు అప్పట్లో తన న్యూటన్ చేతి కంప్యూటర్ కోసం తక్కువ విద్యుత్తుతో నడిచే ప్రాసెసర్ కావాలి. పన్నెండు మంది ఇంజినీర్లతో మొదలైన ఈ సంస్థ చిప్‌లు తయారు చేసి అమ్మే జోలికి పోలేదు. డిజైన్‌ను లైసెన్సుకు ఇచ్చి, అమ్ముడైన ప్రతి చిప్ మీద రాయల్టీ తీసుకునే వ్యాపారం పెట్టుకుంది. ఫలితంగా ఆర్మ్ కోర్‌ను, అంటే ఆదేశాలను అమలు చేసే ప్రధాన భాగాన్ని, తెచ్చుకుని దాని పక్కన తమకు కావలసిన రేడియో, కెమెరా, గ్రాఫిక్స్ భాగాలను చేర్చి ఒకే చిప్‌గా మలచుకునే వీలు ఎన్నో కంపెనీలకు దక్కింది. నోకియా 6110 లాంటి ఫోన్లతో 1990ల చివరి నుంచి ఈ పద్ధతి ఫోన్ పరిశ్రమను ఆక్రమించింది. ఇంటెల్ చేతిలోనూ ఎక్స్‌స్కేల్ పేరుతో ఒక ఆర్మ్ వరస ఉండేది. 2006లో దాన్ని మార్వెల్‌కు అమ్మేసింది. తొలి ఐఫోన్‌కు చిప్ ఇచ్చే అవకాశం వస్తే, ఆపిల్ ఇవ్వజూపిన ధర తమ ఖర్చు అంచనాకు సరిపోక వదులుకున్నామని ఇంటెల్ అధిపతి పాల్ ఒటెల్లినీ పదవి వీడే ముందు 2013లో చెప్పారు. ఫోన్ల అమ్మకాలు తెచ్చిన డబ్బు, పెద్ద ఎత్తున తయారీ, దాంతో పాటు ఇతరుల డిజైన్లతో చిప్‌లు తయారు చేసిచ్చే తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ లాంటి ఫౌండ్రీలకు అందిన పెట్టుబడి తర్వాతి పదేళ్లలో తూకాన్ని ఎటు మొగ్గేలా చేశాయో ఆ మాటను బట్టి గ్రహించవచ్చు.

ల్యాప్‌టాప్‌లోకి తొలి అడుగులు, తొలి దెబ్బ

ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ కొత్త ఆలోచన కాదు. ఎకార్న్ 1992లోనే ఏ4 పేరుతో ఒకటి అమ్మింది. 2012 అక్టోబరులో శామ్‌సంగ్ తన ఎగ్జినోస్ చిప్‌తో 249 డాలర్ల క్రోమ్‌బుక్ తెచ్చింది. పని మొత్తం బ్రౌజర్‌లోనే జరిగే యంత్రం కాబట్టి లోపల ఏ ప్రాసెసర్ ఉందన్నది వాడేవారికి పట్టలేదు. అదే నెలలో మైక్రోసాఫ్ట్ ఎన్విడియా టెగ్రా 3 చిప్‌తో సర్ఫేస్ ఆర్‌టీని, దానికోసం విండోస్ ఆర్‌టీని విడుదల చేసింది. అది చూడటానికి అచ్చం విండోసే. అయితే ఎక్స్86 కోసం రాసిన ఒక్క పాత ప్రోగ్రామూ అందులో నడవదు. కొత్తవి విండోస్ స్టోర్ నుంచి మాత్రమే తెచ్చుకోవాలి. కొనేవారు కరువయ్యారు. 2013 జులైలో ఈ నిల్వల మీద మైక్రోసాఫ్ట్ 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపించాల్సి వచ్చింది. విద్యుత్ పొదుపు ఒక్కటే యంత్రాన్ని అమ్మగలిగితే ఆర్‌టీ నిలిచి ఉండాలి. అది నిలవలేదంటే, విండోస్ కొనేవాడు కొంటున్నది చిప్‌ను కాదని, తనకు అలవాటైన ప్రోగ్రాముల భాండాగారాన్నని అర్థం.

మైక్రోసాఫ్ట్ ఈ పాఠం నేర్చుకుంది, కానీ సగమే. ఎక్స్86 ప్రోగ్రాములను ఆర్మ్ మీద అనువదించి నడిపే విండోస్ 10ను 2016 డిసెంబరులో ప్రకటించింది. 2017 చివర్లో హెచ్‌పీ, ఆసుస్ కంపెనీలు స్నాప్‌డ్రాగన్ 835 ఫోన్ చిప్‌తో ల్యాప్‌టాప్‌లు చూపించాయి. వాటిలో 32 బిట్ ప్రోగ్రాములు మాత్రమే అనువాదంలో నడిచేవి. అప్పటికే చాలా ప్రోగ్రాములు 64 బిట్‌కు మారిపోయాయి. 64 బిట్ అనువాదం 2021లో విండోస్ 11తో గానీ రాలేదు. ఫోన్ చిప్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి పెట్టడంతో, అనువాదానికి అయ్యే అదనపు శ్రమను భరించే శక్తి ఆ ప్రాసెసర్లకు చాలలేదు. బ్యాటరీ బాగానే నిలిచేది; పనే నత్తనడక నడిచేది. తక్కువ విద్యుత్తు అంటే తక్కువ సత్తా అన్న అభిప్రాయం ఈ దశలో బలపడింది.

ఎం1 మలుపు

ఆ అభిప్రాయాన్ని 2020లో ఆపిల్ తలకిందులు చేసింది. దీని వెనక పన్నెండేళ్ల సన్నాహం ఉంది. 2008లో పీఏ సెమీ అనే చిప్ డిజైన్ కంపెనీని కొనుగోలు చేసిన ఆపిల్, 2013లో ఐఫోన్ 5ఎస్‌తో 64 బిట్ ఆర్మ్ ప్రాసెసర్‌ను ఫోన్లలోకి అందరికన్నా ముందు తెచ్చింది. ఏటా ఫోన్ చిప్‌ను మెరుగుపరుస్తూ పోయి, 2020 జూన్ 22న మాక్ కంప్యూటర్లను ఇంటెల్ నుంచి తన సొంత చిప్‌లకు మారుస్తున్నట్టు ప్రకటించింది. నవంబరులో వచ్చిన ఎం1లో 1,600 కోట్ల ట్రాన్సిస్టర్లు, వేగానికి నాలుగు, పొదుపుకు నాలుగు చొప్పున ఎనిమిది కోర్లు ఉన్నాయి. టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ల విధానంలో తయారైంది. మాక్‌బుక్ ఎయిర్‌లో దానికి ఫ్యాన్ కూడా పెట్టలేదు.

ఈ యంత్రాన్ని అంచనా కట్టడానికి అరుదైన సౌలభ్యం ఒకటి ఉంది. అదే ఏడాది మొదట్లో వచ్చిన ఇంటెల్ మాక్‌బుక్ ఎయిర్‌లోనూ, ఎం1 ఎయిర్‌లోనూ ఉన్నది ఒకే సామర్థ్యపు బ్యాటరీ: 49.9 వాట్-అవర్లు. తెర పరిమాణం, మొత్తం ఆకారం దాదాపు ఒకటే. ఆపిల్ లెక్క ప్రకారం వైర్‌లెస్ ఇంటర్నెట్ వాడకంలో మొదటిది 11 గంటలు, రెండోది 15 గంటలు నిలుస్తాయి. సినిమా చూస్తే 12, 18 గంటలు. భాగించి చూస్తే, ఇంటర్నెట్ వాడకంలో యంత్రం మొత్తం సగటు ఖర్చు సుమారు 4.5 వాట్ల నుంచి 3.3 వాట్లకు దిగింది. ఇందులో తెర, వైఫై, మెమరీ అన్నీ కలిసి ఉన్నాయి. పొదుపు చేసినా వేగం తగ్గలేదు సరికదా, బరువైన పనుల్లో పాత ఎయిర్‌ను ఎం1 చాలా దూరం వెనక్కి నెట్టిందని స్వతంత్ర పరీక్షలు చూపించాయి. 2023 జూన్‌లో మాక్ ప్రోతో ఆపిల్ మార్పిడి పూర్తయింది.

పొదుపు ఎక్కడి నుంచి వస్తోంది

ఈ ఘనతను ఆర్మ్ ఆదేశాల సమితికి కట్టబెట్టే వాదనలో కొంత నిజం ఉంది. 64 బిట్ ఆర్మ్‌లో ప్రతి ఆదేశం నాలుగు బైట్ల నిర్దిష్ట పొడవుతో ఉంటుంది. ఎక్స్86 ఆదేశం ఒక బైటు నుంచి పదిహేను బైట్ల దాకా ఎంతైనా ఉండవచ్చు. ఒక ఆదేశం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో ముందే తెలిస్తే ఎనిమిదింటిని ఒక్కసారే విప్పి చదవడం సులువు. ఎం1లోని పెద్ద కోర్లు చేసేది అదే. కానీ ఆదేశాలను విప్పే భాగం నేటి పెద్ద ప్రాసెసర్‌లో చిన్న ముక్క. 2013లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆర్మ్, ఎక్స్86 ప్రాసెసర్లను కొలిచి పోల్చి, విద్యుత్ ఖర్చులో కనిపించే తేడాలకు ఆదేశాల సమితి మూలకారణం కాదని, ఏ అవసరానికి డిజైన్ చేశారన్నదే కారణమని తేల్చారు. ఇంకో లెక్క కూడా పక్కన పెట్టకూడదు. ఎం1 తయారైన 5 నానోమీటర్ల విధానం, దానికి ముందు ఎయిర్‌లోని చిప్‌కు ఇంటెల్ వాడిన 10 నానోమీటర్ల విధానం కన్నా ముందడుగులో ఉంది. ఆ తేడా వల్ల వచ్చిన పొదుపును డిజైన్ ఖాతాలోనో, ఆర్మ్ ఖాతాలోనో వేయడం సరికాదు.

మిగిలిన పొదుపు ఫోన్ నుంచి వచ్చిన అలవాట్లది. మొదటిది, భిన్నమైన కోర్లు. ఒక గదిలో చదువుకోడానికి ఇల్లంతా దీపాలు వెలిగించనట్టే, మెయిల్ చూసుకోడానికీ సంగీతం వినడానికీ చిన్న కోర్లు చాలు. పెద్దవి నిద్రలో ఉండవచ్చు. ఆర్మ్ 2011లో ఫోన్ల కోసం ప్రకటించిన పద్ధతి ఇది. రెండోది, ప్రత్యేక భాగాలు. వీడియో విప్పడం, ఫొటో సరిదిద్దడం, గుప్తలిపి లెక్కలు చేయడం లాంటి పనులకు విడిగా చిన్న యంత్రాంగాలు ఉంటే సాధారణ కోర్లను లేపాల్సిన పని లేదు. మూడోది, మెమరీ సామీప్యం. సమాచారాన్ని దూరంగా ఉన్న మెమరీ నుంచి తీసుకురావడానికి అయ్యే విద్యుత్తు, దాని మీద లెక్క చేయడానికి అయ్యేదాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఎం1లో మెమరీ చిప్‌లు ప్రాసెసర్ ప్యాకేజీ మీదే ఉన్నాయి. గ్రాఫిక్స్, ప్రధాన కోర్లు ఒకే మెమరీని పంచుకుంటాయి కాబట్టి ఒక చోటి నుంచి మరో చోటికి నకలు తీసే పని తప్పుతుంది. నాలుగోది, నిద్ర. పని రాగానే వేగంగా ముగించి వెంటనే నిద్రలోకి జారుకోవడం, మూత తెరవగానే లేవడం ఫోన్‌కు పుట్టుకతో వచ్చిన గుణాలు. వీటిలో ఏదీ ఆర్మ్ సొత్తు కాదు. చిప్, బోర్డు, ఆపరేటింగ్ సిస్టమ్ తయారీదారులు ఒకే బల్ల దగ్గర కూర్చుని వాట్ల లెక్క చూసుకుంటే ఏ ఆదేశాల సమితితోనైనా సాధ్యమే. కాకపోతే పీసీ పరిశ్రమలో ఆ మూడు పనులూ మూడు వేర్వేరు కంపెనీలవి. ఎవరి లెక్క వారిది.

పాత ప్రోగ్రాముల భారం

ఎం1 విజయంలో చిప్‌తో సమానంగా లెక్కించాల్సింది రొసెట్టా 2. ఇంటెల్ మాక్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను ఇది సాధ్యమైనంత వరకు ముందే ఆర్మ్ ఆదేశాల్లోకి మార్చి పెట్టుకుంటుంది. అనేక కోర్లు ఒకే మెమరీని వాడేటప్పుడు మార్పులు ఏ వరసలో కనబడాలన్న నియమం ఎక్స్86లో కఠినం, ఆర్మ్‌లో సడలింపు ఎక్కువ. అనువాదంలో ఈ తేడాను సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తూ పోతే వేగం బాగా పడిపోతుంది. అందుకని ఎక్స్86 వరస నియమాన్ని పాటించే ప్రత్యేక స్థితిని ఆపిల్ చిప్‌లోనే కల్పించింది. తన పాత ప్రపంచాన్ని మోయడానికి సిలికాన్‌లో చోటు కేటాయించిందన్నమాట. 1994లో మోటరోలా నుంచి పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు మారిన అనుభవం ఆ కంపెనీకి ఉంది. మాక్‌కు సంబంధించిన అన్ని నిర్ణయాలూ ఒకే చోట జరుగుతాయి. పాతదాన్ని ఎప్పుడు వదిలేయాలో కూడా అదే నిర్ణయిస్తుంది. ఇంటెల్ మాక్‌లకు మాక్ ఓఎస్ 26 చివరి వెర్షన్ అని 2025 జూన్‌లో ప్రకటించడం ఆ అధికారానికి రెండో ముఖం.

విండోస్‌లో అలాంటి ఏకఛత్రం లేదు. ఆపిల్‌లో చిప్‌లు చేసి బయటికొచ్చిన ఇంజినీర్లు 2019లో స్థాపించిన నువియా కంపెనీని క్వాల్‌కామ్ 2021లో 140 కోట్ల డాలర్లకు కొని, ఓరియాన్ అనే సొంత కోర్‌ను సిద్ధం చేసింది. పన్నెండు ఓరియాన్ కోర్లున్న స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ఎలైట్ 2024 జూన్ 18న మైక్రోసాఫ్ట్, డెల్, లెనోవో, హెచ్‌పీ తదితర కంపెనీల ల్యాప్‌టాప్‌లలో వచ్చింది. ప్రిజమ్ అనే మెరుగైన అనువాద పొరను మైక్రోసాఫ్ట్ దానికి జోడించింది. ఫోన్ చిప్‌ను అరువు తెచ్చుకునే దశ దాటి, ఫోన్ పద్ధతిలో ల్యాప్‌టాప్ కోసమే చేసిన చిప్ ఇది. నువియా డిజైన్లను వాడే హక్కు క్వాల్‌కామ్‌కు లేదంటూ ఆర్మ్ 2022లో దావా వేసింది. ఆ చిప్‌లు క్వాల్‌కామ్ సొంత లైసెన్సు పరిధిలోకే వస్తాయని 2024 డిసెంబరులో డెలావేర్ జ్యూరీ తేల్చింది. డిజైన్‌ను అద్దెకిచ్చే వ్యాపారంలో యజమానికీ అద్దెదారుకూ మధ్య ఇలాంటి పేచీ రావచ్చన్నది ఈ రంగంలోని అందరికీ హెచ్చరిక.

అనువాద పొర ఎంత మెరుగైనా దానికి ఒక హద్దుంది. అది మామూలు ప్రోగ్రాములను అనువదిస్తుంది. పరికరాలను నడిపే డ్రైవర్లను అనువదించదు. ప్రింటర్, స్కానర్, వేలిముద్ర పరికరం, డిజిటల్ సంతకం టోకెన్, ఆఫీసు వీపీఎన్ లాంటివాటికి తయారీదారు ఆర్మ్ డ్రైవర్ రాసి ఇస్తేనే పని జరుగుతుంది. ఆటల్లో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్‌దీ ఇదే కథ. ఈ హద్దు తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటర్ కొనేవారికి సూటిగా తగులుతుంది. మీసేవ తరహా సేవా కేంద్రాలు, ఆడిటర్ల కార్యాలయాలు, డీటీపీ సెంటర్లు ఇలాంటి పరికరాల మీదా, పేజ్‌మేకర్, అను ఫాంట్స్ లాంటి పాత పనిముట్ల మీదా ఆధారపడి ఉన్నాయి. బ్రౌజర్‌లో, ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు టైపు చేసుకునే విద్యార్థికీ ఉపాధ్యాయుడికీ విండోస్ ఆర్మ్ యంత్రంతో చిక్కు లేదు. పాత కీబోర్డు మేనేజర్‌నూ, పాత ఫాంట్లనూ, పాత ప్రింటర్‌నూ నమ్ముకున్న డీటీపీ ఆపరేటర్ మాత్రం తన పనిముట్లన్నీ దాని మీద నడుస్తున్నాయని కళ్లారా చూశాకే కొనాలి. ఒకే యంత్రం ఒకరికి మేలు, మరొకరికి మోపెడు చాకిరీ.

ఎక్స్86 జవాబు

ఆర్మ్ గెలిచిందన్న కథకు గట్టి ఎదురుదెబ్బ ఇంటెల్ నుంచే వచ్చింది. 2021లో ఆల్డర్ లేక్‌తో పెద్ద, చిన్న కోర్లను కలిపిన ఇంటెల్, 2024 సెప్టెంబరులో లూనార్ లేక్‌తో ఫోన్ పద్ధతిని దాదాపు పూర్తిగా అవలంబించింది. నాలుగు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు, ప్యాకేజీ మీదే మెమరీ, ఒకే కోర్ మీద రెండు పనుల వరసలు నడిపే హైపర్‌థ్రెడింగ్ తొలగింపు, చివరికి ప్రధాన ముక్క తయారీ కూడా టీఎస్‌ఎంసీలోనే. ఆ చిప్ పెట్టిన ల్యాప్‌టాప్‌లు స్నాప్‌డ్రాగన్ యంత్రాలతో సమానంగా బ్యాటరీ నిలుపుతాయని పరీక్షల్లో తేలింది. పైగా పాత ప్రోగ్రాముల బెడదే లేదు. పొదుపు ఆదేశాల సమితిలో దాగి ఉంటే ఇది సాధ్యం కాకూడదు. అయితే దీన్ని ఎక్స్86 విజయంగా చాటడమూ తొందరపాటే. ప్యాకేజీ మీద మెమరీ పెట్టడం లాభాలను తినేస్తోందంటూ, తర్వాతి తరాల్లో దాన్ని కొనసాగించబోమని ఇంటెల్ కొద్ది వారాలకే చెప్పింది. ఫోన్ పద్ధతి సాంకేతికంగా అందరికీ అందుబాటులో ఉన్నా, విడిభాగాలు అమ్ముకునే పీసీ వ్యాపారానికి అది అలవోకగా ఒదగదు. 2024 అక్టోబరులో బద్ధశత్రువులైన ఇంటెల్, ఏఎండీ కలిసి ఎక్స్86 భవిష్యత్తు కోసం ఉమ్మడి సలహా బృందం ఏర్పాటు చేసుకోవడం ఒత్తిడి ఎంత ఉందో తెలుపుతుంది.

అభ్యంతరాలు

గంటల లెక్కల మీద మొదటి అభ్యంతరం న్యాయమైనదే. ప్రకటనల్లో కనిపించే అతిపెద్ద అంకె సాధారణంగా వీడియో చూసే సమయానిది. ఆ పనిని ప్రత్యేక భాగం చేస్తుంది కాబట్టి ప్రధాన కోర్లు విశ్రాంతిలో ఉంటాయి. 2024 నాటి 13.8 అంగుళాల సర్ఫేస్ ల్యాప్‌టాప్‌కు మైక్రోసాఫ్ట్ వీడియోకు 20 గంటలు, ఇంటర్నెట్ వాడకానికి 13 గంటలు చెప్పింది. ఒకే యంత్రంలో అంత తేడా. ప్రోగ్రాములు కంపైల్ చేయడం, వీడియో ఎడిటింగ్ లాంటి బరువైన పనులు చేస్తే ఏ ల్యాప్‌టాప్ బ్యాటరీ అయినా కొద్ది గంటల్లో ఖాళీ అవుతుంది. మొబైల్ తరహా యంత్రాల ఆధిక్యం తేలికపాటి పనుల్లో, నిద్రలో, చార్జర్ తీసేసినా వేగం తగ్గకపోవడంలో ఎక్కువగా కనిపిస్తుంది. విమానయాన సంస్థ అనుమతి లేకుండా విమానంలో వెంట తీసుకెళ్లే బ్యాటరీ 100 వాట్-అవర్లు మించకూడదన్న నిబంధన ఉన్నంత కాలం, బ్యాటరీని పెంచి ఈ ఆధిక్యాన్ని భర్తీ చేయడం కుదరదు.

రెండోది మరమ్మతు. ప్యాకేజీకో బోర్డుకో అతికిన మెమరీని తర్వాత పెంచుకోలేం. కొనేటప్పుడే కంపెనీ అడిగినంత ఇచ్చి తీసుకోవాలి. పాత ల్యాప్‌టాప్‌కు మెమరీ వేయించి మరో నాలుగేళ్లు వాడుకునే మన అలవాటుకు ఇది చేటు. పొదుపు కోసం అతికించక తప్పదన్న తయారీదారుల వాదన పాక్షిక సత్యమే. తక్కువ విద్యుత్తు మెమరీనే విప్పి మార్చుకునే ముక్కగా అందించే ఎల్‌పీక్యామ్2 ప్రమాణం 2024లో లెనోవో థింక్‌ప్యాడ్ పీ1లో వచ్చింది. అంటే అతికించడం పూర్తిగా భౌతికశాస్త్రం విధించిన షరతు కాదు, వ్యాపార నిర్ణయం కూడా. ఆపరేటింగ్ సిస్టమ్ స్వేచ్ఛ విషయంలోనూ వెనకడుగు పడింది. ఎక్స్86 పీసీలో లినక్స్ వేసుకోవడం పావుగంట పని. ఆపిల్ చిప్‌ల మీద లినక్స్ నడపడానికి అసాహీ లినక్స్ స్వచ్ఛంద బృందం, తయారీదారు పత్రాలు లేకుండా, ఒక్కో భాగాన్నీ తవ్వి తెలుసుకోవాల్సి వచ్చింది. స్నాప్‌డ్రాగన్ యంత్రాల్లోనూ ఒక్కో మోడల్‌కు విడిగా మద్దతు చేరాల్సి ఉంటుంది.

మూడోది కృత్రిమ మేధ హడావుడి. 2024లో మైక్రోసాఫ్ట్ కోపైలట్ ప్లస్ పీసీ అన్న ముద్రకు సెకనుకు 40 లక్షల కోట్ల లెక్కలు చేసే ఎన్‌పీయూ (కృత్రిమ మేధ లెక్కలకు కేటాయించిన ప్రత్యేక భాగం), 16 జీబీ మెమరీ తప్పనిసరి చేసింది. తొలుత ఆ ముద్రకు అర్హత పొందినవి స్నాప్‌డ్రాగన్ యంత్రాలే కాబట్టి, కృత్రిమ మేధకూ ఆర్మ్‌కూ విడదీయరాని లంకె ఉన్నట్టు ప్రచారమైంది. కొద్ది నెలల్లోనే ఏఎండీ, ఇంటెల్ చిప్‌లు కూడా ఆ గీత దాటాయి. ఆ ముద్ర వల్ల కొనుగోలుదారుకు నికరంగా దక్కిన మేలు, 8 జీబీతో సరిపెట్టే రివాజు ఆ తరగతి యంత్రాల్లో అంతరించడం.

నాలుగోది పర్యావరణం. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు వాడే యంత్రం పది వాట్లు తక్కువ తీసుకుంటే ఏడాదికి ఆదా అయ్యేది 24 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లులో అది కనబడీ కనబడనంత. ఆపిల్ ప్రచురించే పర్యావరణ నివేదికల్లోనే ల్యాప్‌టాప్ జీవితకాలపు కర్బన ఉద్గారాల్లో అధిక భాగం తయారీ దశదని ఉంటుంది. కాబట్టి బాగా నడుస్తున్న పాత యంత్రాన్ని పొదుపు పేరుతో మార్చేయడం పర్యావరణానికి మేలు చేయదు. ఎలాగూ కొత్తది కొనాల్సి వచ్చినప్పుడే ఈ పొదుపు లెక్కలోకి వస్తుంది.

తెలుగు నేలతో సంబంధం

ఈ మార్పులో హైదరాబాద్ వాటా వాడకానికే పరిమితం కాదు. విండోస్‌లో ఈ తరానికి చిప్ ఇచ్చిన క్వాల్‌కామ్‌కు అక్కడ పెద్ద ఇంజినీరింగ్ కేంద్రం ఉంది. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచి అక్కడే పనిచేస్తోంది. ఇంటెల్, ఏఎండీలకూ చిప్ డిజైన్ బృందాలున్నాయి. పోటీలోని రెండు పక్షాలూ ఒకే నగరంలో ఇంజినీర్లను వెతుక్కుంటున్నాయి. వాడకం వైపు చూస్తే కరెంటు కోతలున్న ఊళ్లలో రోజంతా నిలిచే బ్యాటరీ నిజమైన సౌకర్యం, ఫ్యాన్ లేని యంత్రంలోకి దుమ్ము చేరడం తక్కువ. ఎండలతోనే చిక్కు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవిలో 45 డిగ్రీలు దాటుతుంది. మాక్‌బుక్ ఎయిర్‌కు ఆపిల్ నిర్దేశించిన పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల లోపు. చల్లబరిచే ఫ్యాన్ లేనప్పుడు బరువైన పని ఎక్కువసేపు సాగితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. గది వేడెక్కేకొద్దీ ఆ ఘడియ ముందే వస్తుంది. శీతల దేశంలో రాసిన సమీక్ష చదివి ఇక్కడ యంత్రాన్ని ఎంచుకునేవారు దీన్ని లెక్కలో వేసుకోవాలి.

మున్ముందు

క్వాల్‌కామ్ 2025 జనవరిలో 600 డాలర్ల తరగతి ల్యాప్‌టాప్‌ల కోసం చౌక స్నాప్‌డ్రాగన్ ఎక్స్‌ను, సెప్టెంబరులో పద్దెనిమిది కోర్ల దాకా ఉండే ఎక్స్2 ఎలైట్‌ను ప్రకటించింది. ఆదేశాల సమితిని ఎవరైనా ఉచితంగా వాడుకోగల రిస్క్-5 కూడా వరసలో ఉంది. ఐఐటీ మద్రాస్ శక్తి ప్రాసెసర్లు దాని మీద తయారైనవే. ల్యాప్‌టాప్‌లో నిలదొక్కుకోవాలంటే దానికీ ఇదే పరీక్ష: చిప్ ఎంత పొదుపన్నది మొదటి మెట్టు, అప్పటికే కోట్ల మంది వాడుతున్న ప్రోగ్రాములనూ పరికరాలనూ మోసుకుపోగలదా అన్నది అసలు మెట్టు. విండోస్ ఆర్‌టీ మొదటి మెట్టు ఎక్కి రెండో మెట్టు దగ్గర పడింది; ఎం1 రెండూ ఎక్కింది; లూనార్ లేక్ రెండో మెట్టు మీద నిలబడి మొదటిదాన్ని అందుకుంది. ఈ మూడింటినీ కలిపి చూస్తే, రెండు ఆదేశాల సమితుల మధ్య పోటీ కన్నా వాటి తయారీ పద్ధతులు ఒకదానికొకటి దగ్గరవడమే ఈ దశాబ్దపు అసలు పరిణామమని తెలుస్తుంది. కొనేవారి ప్రశ్నలు కూడా ఆ మేరకు మారాలి. లోపల ఆర్మ్ ఉందా ఎక్స్86 ఉందా అన్నదాని కన్నా, తన పనికి ఒక వాట్‌తో ఎంత దూరం నడుస్తుంది, తన ప్రోగ్రాములు, పరికరాలు దాని మీద పనిచేస్తాయా, మెమరీ మార్చుకునే వీలుందా, ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ మద్దతు ఇస్తారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాబట్టడం ముఖ్యం. వీటిలో మొదటిదానికి జవాబు చెప్పడానికి కంపెనీలు పోటీ పడుతున్నాయి. మిగిలిన మూడింటి మీద వాటిని నిలదీయడం ఇంకా మొదలుకావాల్సి ఉంది.